కాలయంత్రం – చరిత్ర సత్యం

ఉద్దేశం: చలనచిత్రం యువతరానికి అత్యంత సన్నిహితమైన కళారూపం. చరిత్రను ఇతివృత్తంగా గ్రహించిన చిత్రాన్ని ఆస్వాదించే తీరు ఒకటి, పరిశీలించే తీరు మరొకటి. ఈ రెండింటినీ సమన్వయించుకొనే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

గడచిన కాలంలోకి ఒక్కసారి వెళ్లి రావాలనే కోరిక మానవునికి నేడు పుట్టినది కాదు. చేజారిన అవకాశాన్ని తిరిగి అందుకోవాలనీ, జరిగిన పొరపాటును దిద్దుకోవాలనీ, కనుమరుగైన మహనీయులను కన్నులారా చూడాలనీ ప్రతి తరమూ తహతహలాడింది. రానున్న కాలాన్ని ముందుగా చూచి రావాలనే కుతూహలం కూడా అంతే ప్రాచీనమైనది. భాగవతం నవమ స్కంధంలో కకుద్మి అనే రాజు కథ ఉన్నది. ఆయన తన కుమార్తె రేవతికి తగిన వరుడెవరో తెలుసుకొనడానికి ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకానికి వెళతాడు. అక్కడ గంధర్వుల గానం సాగుతూ ఉండగా, అది ముగిసేవరకు వేచి ఉంటాడు. ఆ తరువాత తన మనసులోని రాకుమారుల పేర్లు విన్నవించగా బ్రహ్మ నవ్వి, ఈ కొద్ది సేపటిలో భూలోకంలో 27 మహాయుగాలు గడచిపోయాయనీ, ఆ రాకుమారుల పేర్లు కూడా నేడు ఎవరికీ వినిపించవనీ చెబుతాడు. ఒక పాట వినేంత సేపట్లో ఒక లోకమే మారిపోయింది. కాలం అందరికీ ఒకే వేగంతో నడవదనే ఊహ మన పౌరాణికులకు కొత్త కాదని ఈ కథ చాటుతున్నది.

ఆ ఊహకు యంత్రరూపం కల్పించి లోకప్రసిద్ధం చేసినవాడు ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్. ఆయన నవల 'ది టైమ్ మెషీన్' 1895లో వెలువడింది. అందులోని యాత్రికుడు దేవతల అనుగ్రహంతో కాక, తాను నిర్మించిన యంత్రంతో 8,02,701వ సంవత్సరానికి చేరుకొంటాడు. నాటి నుండి కాలయాత్ర విజ్ఞాన కల్పనా సాహిత్యంలో ఒక ప్రధాన శాఖ అయింది. చలనచిత్రం పుట్టి పెరిగిన తరువాత ఆ శాఖకు రంగులూ, ధ్వనులూ సమకూరాయి.

తెలుగు తెరపై ఆ శాఖకు పుష్పించిన చిత్రం 'ఆదిత్య 369'. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991 జూలై 18న ఇది విడుదలైంది. జంధ్యాల సంభాషణలు, ఇళయరాజా సంగీతం దీనికి వన్నె తెచ్చాయి. నందమూరి బాలకృష్ణ ఆధునిక యువకుడైన కృష్ణకుమార్‌గా, శ్రీకృష్ణదేవరాయలుగా రెండు పాత్రలను పోషించారు. ఒక శాస్త్రవేత్త రూపొందించిన కాలయంత్రం కథానాయికా నాయకులను 1526వ సంవత్సరంలోని విజయనగరానికి చేరుస్తుంది. వారు రాయల కొలువును దర్శిస్తారు. తెనాలి రామకృష్ణుని కలుసుకొంటారు. అనంతరం 2504వ సంవత్సరంలోకి వెళ్లి, అణుయుద్ధం మిగిల్చిన లోకాన్ని చూస్తారు. రాయలనాటి వజ్రం ఒకటి, దానిని కాజేయదలచిన దురాశాపరుడు ఒకడు ఈ కథకు సూత్రమై నిలుస్తారు. దర్శకుడు సింగీతం తన తొలినాళ్లలో కె.వి. రెడ్డి వద్ద 'మాయాబజార్' (1957) చిత్రానికి పనిచేసినవారు. దూరాన ఉన్న ప్రియమైన వారిని చూపే ప్రియదర్శిని పేటిక ఆ చిత్రంలో ఉన్నది. దూరాన్ని జయించిన ఆ పేటిక గురువు చిత్రంలోనిది. కాలాన్ని జయించిన ఈ యంత్రం శిష్యుని చిత్రంలోనిది. 34 సంవత్సరాల తరువాత, 2025లో ఈ చిత్రాన్ని నూతన హంగులతో మళ్లీ విడుదల చేశారంటే అది ప్రేక్షకుల హృదయాలలో ఎంత స్థిరంగా నిలిచిందో గ్రహించవచ్చు.

ఇటువంటి చిత్రాన్ని చూచిన యువ ప్రేక్షకునికి సహజంగా కలిగే మొదటి ప్రశ్న – ఇది సాధ్యమా? ముందుకు సాగే కాలయాత్ర కొంతమేరకు సాధ్యమేనని విజ్ఞానశాస్త్రం చెబుతున్నది. మహావేగంతో పయనించేవారికి కాలం నెమ్మదిగా గడుస్తుందని ఐన్‌స్టీన్ 1905లో ప్రతిపాదించాడు. 1971లో అణు గడియారాలను విమానాలలో భూమి చుట్టూ తిప్పి పరీక్షించగా, నేలపైని గడియారాలతో పోల్చినప్పుడు సిద్ధాంతానికి అనుగుణమైన సూక్ష్మ భేదం కనిపించింది. దారి చూపే జి.పి.ఎస్. ఉపగ్రహాలలోని గడియారాలు వేగ ప్రభావం, గురుత్వ ప్రభావం కలిసి రోజుకు సుమారు 38 మైక్రోసెకండ్లు ముందుకు పోతాయి. ఆ తేడాను సరిచేయకపోతే అవి చూపే దారి తప్పుదారి అవుతుంది. అయితే వెనుకకు వెళ్లడం వేరు సంగతి. ఒకడు గతంలోకి వెళ్లి తన తాతకు వివాహమే కాకుండా చేస్తే, తాను పుట్టడమెట్లా? పుట్టనివాడు గతంలోకి వెళ్లడమెట్లా? తర్కానికి లొంగని ఈ చిక్కుముడిని విప్పగలిగినవారు నేటివరకు లేరు. ప్రసిద్ధ శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 2009లో కాలయాత్రికుల కోసం ఒక విందు ఏర్పాటు చేసి, విందు ముగిసిన తరువాతనే ఆహ్వానపత్రికలను వెల్లడించాడు. భవిష్యత్తు నుండి రాగలవారు మాత్రమే ఆ విందుకు హాజరు కాగలరు. ఒక్కరూ రాలేదు.

రెండవ ప్రశ్న మరింత లోతైనది – గతంలోకి వెళ్లగలిగితే దానిని మార్చవచ్చునా? పాశ్చాత్య కాలయాత్రా కథలలో చాలా భాగం ఈ ప్రశ్న చుట్టూనే అల్లుకొన్నాయి. అమెరికా రచయిత రే బ్రాడ్బరీ 1952లో రాసిన ఒక కథలో, రాక్షసబల్లుల కాలానికి వేటకు వెళ్లినవాడు దారి తప్పి ఒక సీతాకోకచిలుకను తొక్కివేస్తాడు. తిరిగి వచ్చి చూచేసరికి తన దేశంలో భాష మారిపోయి ఉంటుంది. ఎన్నికల ఫలితం కూడా తారుమారవుతుంది. 1985లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'బ్యాక్ టు ద ఫ్యూచర్'లో కథానాయకుడు 1955కు వెళ్లి, తెలియకనే తన తల్లిదండ్రుల తొలి పరిచయానికి అడ్డు తగులుతాడు. దానితో అతని దగ్గరి ఛాయాచిత్రంలో తోబుట్టువుల రూపాలు క్రమంగా మాసిపోతాయి. చిన్న కారణం నుండి పెద్ద కార్యం పుడుతుందనేది ఈ కథలు చెప్పే నీతి.

ఇదే ప్రశ్నను 1526నాటి విజయనగరానికి అన్వయించి చూడవచ్చు. ఆ సంవత్సరమే ఉత్తరాన పానిపట్టు యుద్ధంలో బాబరు విజయం సాధించాడు. కృష్ణదేవరాయల పాలన 1509లో ప్రారంభమై 1529తో ముగిసింది. కాబట్టి కాలయంత్రం దిగినది ఆ పాలన చరమదశలో. మరి 39 సంవత్సరాలకు, 1565 జనవరిలో, దక్కను సుల్తానులు ఏకమై విజయనగర సేనను ఓడించారు. రాయల అల్లుడు అళియ రామరాయలు ఆ యుద్ధంలో మరణించాడు. వైభవోపేతమైన రాజధాని పాడుబడింది. ఇరవయ్యవ శతాబ్ది నుండి వెళ్లిన యాత్రికునికి ఇదంతా పాఠశాల పుస్తకంలో చదివిన విషయమే. అతడు రాయల ముందు నిలిచి, జరగబోయేదానిని హెచ్చరించి ఉంటే ఏమయ్యేది?

ఈ ప్రశ్నకు భావావేశంతో సమాధానం చెప్పడం సులభం. హంపి శిథిలాలను చూచిన ఎవరికైనా ఆ పతనాన్ని ఆపాలనిపిస్తుంది. కాని విచారించి చూస్తే సమస్య అంత సులభమైనది కాదు. 1565నాటి ఓటమి ఒక్క రోజున పుట్టిన ప్రమాదం కాదు. ఒక సుల్తానుకు వ్యతిరేకంగా మరొక సుల్తానుకు తోడుపడుతూ రామరాయలు దీర్ఘకాలం నడిపిన రాజనీతి, దానివల్ల వారందరిలో పెరిగిన అనుమానం, సామంతుల స్వప్రయోజనాలు – ఇవన్నీ కలిసి ఆ ఫలితానికి దారితీశాయి. ఒక్క హెచ్చరికతో ఇన్ని కారణాలు మాయమవుతాయా? పైగా చరిత్రలో నష్టం వెంట లాభం కూడా పెనవేసుకొని ఉంటుంది. విజయనగర కేంద్రాధికారం సడలిన తరువాతనే తంజావూరు, మధుర నాయకరాజుల ఆస్థానాలు స్వతంత్రంగా వెలిగాయి. రఘునాథ నాయకుని రచనలు, రంగాజమ్మ కావ్యాలు, క్షేత్రయ్య పదాలు, యక్షగాన వికాసం ఆ దక్షిణాంధ్ర యుగపు పంటలు. పతనాన్ని చెరిపివేయదలచినవాడు ఈ సాహిత్యాన్ని కూడా చెరిపివేయడానికి సిద్ధపడాలి. ఏ దారాన్ని లాగితే ఏ అల్లిక విడిపోతుందో తెలియని వస్త్రం చరిత్ర. దానిని మార్చే అధికారం మనిషికి లేకపోవడం శాపమో, వరమో చెప్పడం కష్టం.

యంత్రంతో చరిత్రను మార్చడం అసాధ్యమే కావచ్చు. కాని కథతో మార్చడం సాధ్యమే. అంతేకాదు, అది నిత్యం జరుగుతున్నది. కాలయంత్రంలో పయనించిన కథానాయకుడు చేరుకొన్నది నిజంగా 1526లోని విజయనగరమేనా అని అడిగి చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. అతనికి అక్కడ తెనాలి రామకృష్ణుడు ఎదురవుతాడు. రాయల సభలో వికటకవిగా రామకృష్ణుడు తెలుగువారందరికీ చిరపరిచితుడు. కాని 'పాండురంగ మాహాత్మ్యం' రచించిన తెనాలి రామకృష్ణ కవి ఆ కావ్యాన్ని విరూరి వేదాద్రి మంత్రికి అంకితమిచ్చాడు, రాయలకు కాదు. ఆ కవి రాయల తరువాతి తరానికి చెందినవాడని పలువురు పరిశోధకులు నిర్ణయించారు.

అష్టదిగ్గజాలుగా లోకం చెప్పుకొనే మరికొందరి సంగతి కూడా ఇటువంటిదే. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'ను, నంది తిమ్మన 'పారిజాతాపహరణం'ను రాయలకు అంకితమిచ్చారు. వారు ఆయన సభలోని వారే అనడానికి ఆ కృతులే సాక్ష్యం. పింగళి సూరన 'కళాపూర్ణోదయం' నంద్యాల కృష్ణరాజుకు అంకితం. రామరాజభూషణుని 'వసుచరిత్ర' తిరుమలరాయలకు అంకితం. ఈ తిరుమలరాయలు 1565నాటి పరాజయం తరువాత పెనుగొండ నుండి పాలించినవాడు. అనగా పెద్దనకు, రామరాజభూషణునికి మధ్య ఒక తరం గడచింది; ఒక మహాయుద్ధం జరిగింది; ఒక రాజధాని నేలమట్టమైంది. అయినా జనశ్రుతి వారిద్దరినీ ఒకే భువనవిజయంలో, పక్కపక్క ఆసనాలపై కూర్చుండబెట్టింది.

ఈ తారుమారు చలనచిత్రం తెచ్చిపెట్టినది కాదు. చిత్రానికి పూర్వమే 'తెనాలి రామకృష్ణ' (1956), 'మహామంత్రి తిమ్మరుసు' (1962) వంటి చిత్రాలు వచ్చాయి. ఆ రెండింటిలోనూ నందమూరి తారక రామారావు రాయలుగా నటించి, ఆ రూపాన్ని తెలుగువారి కన్నులలో ముద్రించారు. వాటికి పూర్వం చాటుపద్యాలు ఉన్నాయి. ఆశువుగా చెప్పినవిగా, నోటి నుండి నోటికి ప్రాకిన ఆ పద్యాల చుట్టూ వెలసిన కథలు వేర్వేరు కాలాల కవులను ఒకే సభలో చేర్చి, వారి నడుమ వాదోపవాదాలు కల్పించాయి. సంస్కృతంలోనూ ఇదే జరిగింది. బల్లాలుడు రచించిన 'భోజప్రబంధం'లో కాళిదాసు, బాణుడు, భవభూతి, మాఘుడు అందరూ పదకొండవ శతాబ్దికి చెందిన భోజరాజు కొలువులోనే కనిపిస్తారు. నిజానికి వీరు ఒకరికొకరు శతాబ్దాల దూరంలో జీవించినవారు. కాబట్టి తెలుగువారికి కాలయంత్రం 1991లో కొత్తగా లభించినది కాదు. చాటుకథలే వారి తొలి కాలయంత్రాలు. సింగీతం వారి చిత్రం ఆ సంప్రదాయానికి చక్రాలు అమర్చిందంతే. అందులోని పాత్రలు వెళ్లినది 1526నాటి విజయనగరానికి కాదు. తెలుగు ప్రజల స్మృతిలో కొలువుదీరిన విజయనగరానికి.

అయితే ఇందులో దోషమేమున్నదని కొందరు ప్రశ్నించవచ్చు. కావ్యానికీ, చిత్రానికీ కల్పన ప్రాణం కదా! చరిత్రకారుని కొలబద్దతో కళను కొలవడం న్యాయమా? జనశ్రుతి కూడా ఒక సత్యమే కదా! ఈ వాదాన్ని తేలికగా తోసివేయరాదు. మహాకవులందరూ ఒకే సభలో ఉండి ఉండాలని ఒక జాతి కోరుకొన్నదంటే, ఆ కోరికలో ఆ జాతికి సాహిత్యంపై గల అభిమానం వ్యక్తమవుతున్నది. రాజు ఎదుట నిర్భయంగా నవ్వగల కవిని, నవ్వించి తప్పును చూపగల కవిని ఊహించుకొన్నదంటే, ఆ ఊహలో అధికారాన్ని ప్రశ్నించాలనే ప్రజల ఆకాంక్ష ఉన్నది. ఆ విధంగా వికటకవి కథలు సత్యాలే. కాని అవి ఆ కథలు కల్పించి చెప్పుకొన్న ప్రజల మనసును గురించిన సత్యాలు. 1526వ సంవత్సరాన్ని గురించినవి కావు. దేనికి ఏది సాక్ష్యమో ఎరిగి ఉండడమే విద్యావంతుని లక్షణం. చిత్రకారుడు కల్పించవచ్చు, ప్రేక్షకుడు ఆనందించవచ్చు. ఆ కల్పననే ప్రమాణంగా చూపి వాదానికి దిగినప్పుడు మాత్రం చరిత్రకు అపచారం జరుగుతుంది.

మరి 1526 సమీపానికి నిజంగా తీసుకుపోగల వాహనం లేదా? ఉన్నది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేజ్ తాను చూచినదంతా వర్ణించి పెట్టాడు. రాయలను కూడా అతడు చూచాడు. రాయలు మధ్యరకం ఎత్తు, చక్కని ఛాయ, కొంచెం స్థూలమైన శరీరం గలవాడనీ, ముఖంపై మశూచి మచ్చలు ఉన్నాయనీ తెలిపాడు. వెండితెరపై ఏ రాయల ముఖానా ఆ మచ్చలు కనిపించవు. కాని ఆ మచ్చల వల్ల రాయల గౌరవానికి ఏ లోటూ లేదు. పైగా ఆ ఒక్క వివరంతో ఆయన పటంలోని దేవుడుగా కాక, రోగాన్ని జయించి బ్రతికిన మనిషిగా మన ముందు నిలుస్తాడు. పేజ్ రచనను, అతని తరువాత కొంతకాలానికి వచ్చిన న్యూనిజ్ రచనను ఆంగ్లంలోకి తెచ్చి రాబర్ట్ సూయెల్ 1900లో ప్రకటించాడు. ఆ గ్రంథానికి ఆయన పెట్టిన పేరుకు 'మరచిన మహాసామ్రాజ్యం' అని అర్థం. ఒక విదేశీయుడు అటువంటి పేరు పెట్టవలసి రావడం ఆలోచింపదగిన విషయం.

సింహాచలం వంటి క్షేత్రాలలోని రాయల శాసనాలు మరొక వాహనం. అన్నింటినీ మించినది రాయలు స్వయంగా రచించిన 'ఆముక్తమాల్యద'. ఇందులో రాజనీతి ఉన్నది, భక్తి ఉన్నది. వాటితో పాటు వానాకాలంలో తడిసిన కట్టెలు మండక, పొగతో కన్నులు మండి, వంట ముగించడానికి ఇల్లాండ్రు పడే అవస్థ కూడా ఉన్నది. చలనచిత్రం రాయల కొలువులోని వజ్రాన్ని, నాట్యాన్ని చూపింది. రాయల కావ్యం సామాన్యుని వంటింటి పొయ్యిని చూపింది. చక్రవర్తి అయి ఉండి ఆ పొయ్యి వరకు చూపు సారించిన కవి మనసును ఏ యంత్రం చూపగలదు? ఐదు శతాబ్దాల నాటి వాన వాసన నేటికీ ఆ పద్యాలలో తాజాగానే ఉన్నది. ప్రాచీన గ్రంథాన్ని శ్రద్ధగా చదవగలిగినవానికి కాలయాత్ర అసాధ్యం కాదు. అయితే ఆ ప్రయాణానికి భాషాజ్ఞానం, ఓర్పు అనే రెండు ఇంధనాలు కావాలి.

ఇంత విచారం అవసరమా అని శంకించనక్కరలేదు. చరిత్ర మారిపోవడానికి యంత్రంతో పనిలేని రోజులివి. కంప్యూటరు సహాయంతో, కృత్రిమ మేధతో, జరగని సంఘటనకు ఛాయాచిత్రాన్ని, పలకని మాటకు కంఠస్వరాన్ని క్షణాలలో సృష్టించవచ్చు. పూర్వం ఒక చాటుకథ దేశమంతా వ్యాపించడానికి తరాలు పట్టేది. ఆ తరాలలో దానిని ప్రశ్నించడానికి, సరిచూచుకొనడానికి వ్యవధి ఉండేది. నేటి కట్టుకథ సాయంత్రానికే ఊరూరా చేరుతున్నది. చాటుకథలు చాలావరకు నవ్వించడానికి పుట్టాయి. నేటి కల్పనలలో కొన్ని ద్వేషం రగిలించడానికే పుడుతున్నాయి. ఫలానా కాలంలో ఫలానావారు ఇట్లా చేశారని ఆధారం లేని మాట ఒకటి పుట్టించి, దానికి ప్రతీకారం నేడు తీర్చుకోవాలని రెచ్చగొట్టేవారు ప్రతి సమాజంలోనూ ఉంటారు. అటువంటివారి ముందు నిలబడి, "దీనికి ఆధారమేమి? ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఎవరికోసం రాశారు?" అని అడగగలిగిన యువకుడు సమాజాన్ని రక్షించినవాడవుతాడు. అష్టదిగ్గజాల కాలనిర్ణయంలో అలవడిన ఈ నాలుగు ప్రశ్నలు జీవితంలో ప్రతి రోజూ అక్కరకు వస్తాయి. కృతిభర్త పేరు చూచి కవి కాలాన్ని పోల్చుకొనే పద్ధతికీ, అబద్ధపు వార్తను పట్టుకొనే పద్ధతికీ మూలసూత్రం ఒక్కటే.

'ఆదిత్య 369' చూపిన మూడవ కాలాన్ని గురించి కూడా కొంత చెప్పుకోవాలి. 2504లోని లోకం అణుయుద్ధం మిగిల్చిన లోకం. ఈ చిత్రం విడుదలైన నెలలోనే, 1991 జూలై 31న, అమెరికా, సోవియట్ యూనియన్ దేశాలు తమ అణ్వాయుధాలను తగ్గించుకొనే ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఆ సంవత్సరం ముగిసేలోగా సోవియట్ యూనియనే చరిత్రలో కలిసిపోయింది. నాటి భయం కొంత తగ్గిందే కాని పూర్తిగా తొలగిపోలేదు. ప్రపంచంలో నేటికీ వేల సంఖ్యలో అణ్వాయుధాలు ఉన్నాయి. వినోదప్రధానమైన చిత్రం ప్రేక్షకులను స్వర్ణయుగంలో విహరింపజేసి ఊరుకొని ఉండవచ్చు. కాని ఈ చిత్రం అక్కడ ఆగలేదు. గతవైభవాన్ని చూపిన వెంటనే భావి వినాశనాన్ని చూపి, రెండింటి నడుమ నేటి మనిషిని నిలబెట్టింది. ఈ కథాసంవిధానమే దీనిని వినోద స్థాయికి మించిన స్థాయిలో నిలిపింది. 1526ను చూచి గర్వించడం తేలిక. 2504ను చూచి బాధ్యత వహించడం కష్టం. చిత్రంలోని వజ్రపు కాంతిని గుర్తుంచుకొన్న ప్రేక్షకులు ఆ చీకటిని కూడా గుర్తుంచుకొన్నప్పుడే దర్శకుని శ్రమ సార్థకమవుతుంది.

మూడు కాలాలలో మానవునికి మార్చే అధికారం ఉన్నది ఒక్కదానిపైనే. గతం జరిగిపోయినది, దానిని తెలుసుకొనవచ్చు గాని దిద్దరాదు. భవిష్యత్తు ఇంకా రానిది. దానిని ఊహించవచ్చు గాని తాకలేము. చేతిలో ఉన్నది వర్తమానం. రాయల కాలంలోనివారు తమ వర్తమానంలో చేసిన పనులే నేడు చరిత్రగా మన ముందున్నాయి. చెరువులు తవ్వించినవారి చెరువులు, కావ్యాలు రచించినవారి కావ్యాలు, కలహాలు పెంచినవారి శిథిలాలు – అన్నీ నిలిచి సాక్ష్యమిస్తున్నాయి. 2504లో పుట్టబోయేవారికి నేటి తరమే చరిత్ర. వారి పాఠ్యపుస్తకంలో ఈ తరాన్ని గురించి ఏమి రాయాలో ఈ తరం ప్రతి దినం తన నడవడితో నిర్ణయిస్తున్నది. కాలయంత్రం లేకుండానే చరిత్రను మార్చగల అవకాశం ఇదొక్కటే. ఇది ప్రతి మనిషికీ అందుబాటులో ఉన్నది.

కల్పనను మనసారా ఆనందించాలి. ఆధారాన్ని నిష్పక్షపాతంగా పరిశీలించాలి. ఈ రెండింటిలో ఒకటి లోపించినా విద్య అసంపూర్ణమే. కల్పన ఎరుగనివాడు ఎండిన పుస్తకం వంటివాడు. ఆధారం ఎరుగనివాడు గాలివాటు పడవ వంటివాడు. రాయల సభకు కాలయంత్రంలో వెళ్లి రావాలని ఉవ్విళ్లూరే విద్యార్థి, ఆ ఉత్సాహంతోనే ఒకనాడు 'ఆముక్తమాల్యద' తెరచి ఒక్క పద్యాన్ని అర్థం చేసుకొనగలిగితే, ఆ చిత్రం అతనికి చేసిన మేలు అదే.

ప్రశ్నలు

1. కకుద్మి కథలో కాలాన్ని గురించిన ఏ భావన కనిపిస్తుంది?
2. 1565నాటి పతనాన్ని ఆపగలిగితే సాహిత్య చరిత్రలో ఎటువంటి మార్పులు రావచ్చునని పాఠంలో సూచించారు? దానితో మీరు ఏకీభవిస్తారా?
3. కృతిభర్తల ఆధారంగా కవుల కాలాన్ని ఎట్లా నిర్ణయించవచ్చు? రెండు ఉదాహరణలతో వివరించండి.
4. జనశ్రుతి ఏ విషయంలో సత్యం, ఏ విషయంలో ప్రమాణం కాదు? చర్చించండి.
5. చరిత్రను ఇతివృత్తంగా గ్రహించిన ఒక చలనచిత్రాన్ని చూచి, అందులోని కల్పనను, ఆధారం ఉన్న అంశాలను వేరుచేసి ఒక వ్యాసం రాయండి.